రెండో బిగింపు

గుర్రం ఊపిరి బిగపట్టింది.

తెల్లారి చలిలో దాని ముక్కునుంచి వస్తున్న ఆవిరి ఒక్కసారిగా ఆగింది. పొట్ట ఉబ్బింది. జీను పట్టీ బిగించే వేళ ఆ గుర్రం ఎప్పుడూ వేసే దొంగవేషమే అది…

జీనులు కుట్టేవాడికి ఆ సంగతి తెలుసు. ఒకసారి బిగించాలి. ఆగాలి. గుర్రం ఊపిరి వదిలి, పట్టీ వదులయ్యాక — మళ్ళీ బిగించాలి.

"ఏరా, ఇంకెంతసేపు? పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్నావా?" అంది అక్క. లోయ పక్క ఇరుకు దారిన, కొండ అవతలికి మందులు మోసుకెళ్ళే అక్క.

అతను నవ్వి, మొదటిసారి బిగించాడు. అంతలో లోపల పొయ్యి మీద మైనం మాడిన వాసన. పరుగెత్తాడు.

తిరిగొచ్చేసరికి అక్క మలుపు దాటేసింది.

మధ్యాహ్నం, దారానికి మైనం రాస్తుంటే గుర్తొచ్చింది.

రెండోసారి బిగించలేదు.

సూది ఎక్కడ పడిందో కూడా చూడలేదు.

ఫోను చేశాడు. కలవలేదు. కొండ మీద ఎప్పుడూ కలవదు. ఎదురు వెళ్దామంటే దిగే దారులు రెండు… ఏ దారిన వస్తుందో.

గోడ నిండా జీనులు. ఎడారివాళ్ళది — ఒంటె మూపురం ఇమిడేలా నడుమ ఖాళీ వదిలింది. కొండవాళ్ళది — కొయ్యది, ముందూ వెనకా ఎత్తు లేపింది. పందేలవాళ్ళది — జానెడు తోలు, అంతే.

"ఎటు పడతామని భయపడ్డారో అటు ఎత్తు కట్టుకున్నారక్కా," అని గొప్పగా చెప్పేవాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అనేది అక్క.

ఎన్ని దేశాల జీనులైనా, పొట్ట కింద పట్టీ వదులైతే ఒక్కటే. జారుతుంది. మనిషితో సహా జారుతుంది.

భయం. ఒట్టి భయం. గడపలో కూలబడ్డాడు.

వదులై ఉంటుంది… ఈపాటికి వదులై ఉంటుంది.

అక్క చూసుకుని ఉంటుందిలే. చూసుకోదు. తమ్ముడు కట్టిన జీనును అక్క ఏనాడూ తడిమి చూడలేదు.

పొద్దు వాలుతుండగా — డెక్కల చప్పుడు.

మనిషిని మోసే గుర్రం అడుగు వేరు. ఖాళీ జీనును మోసే గుర్రం అడుగు వేరు. ఆ తేడా అతని చెవికి తెలుసు.

తెలుసు కాబట్టే చెవులు మూసుకున్నాడు.

మలుపులో, బండ చాటు నుంచి ముందుగా గుర్రం చెవులు కనిపించాయి. తర్వాత మెడ…

అతను ఊపిరి బిగపట్టాడు.