సింహాచలం కుడి మణికట్టు

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. పెద్దాసుపత్రి చీకటిగదిలో పుట్టాను. తాపీమేస్త్రీ సింహాచలం కుడి మణికట్టు, రెండు ముక్కలై, నాలో తెల్లగా నిలిచిపోయింది. ఆ ఉదయమే స్టేషన్‌లో ఎస్సై లాఠీ దాన్ని విరిచింది. బండి కాగితాలు అడిగితే "ఇంటికాడున్నాయి బాబూ, తెస్తాను" అనడమే అతను చేసిన నేరం.

ఫిర్యాదు పెడితే పైఅధికారులు విచారించి, స్టేషన్‌లో అసలు దెబ్బే తగల్లేదని, ఆ తర్వాత నెలకెప్పుడో పరంజా మీంచి పడి విరగ్గొట్టుకున్నాడని తేల్చారు. అప్పుడు సింహాచలం కోర్టులో దావా వేశాడు. అతని వకీలు నన్ను వెలుతురుకెత్తి చూసి, సింహాచలం భార్య పైడితల్లికి అప్పగించాడు.

"జాగ్రత్తమ్మా, మీ కేసంతా ఇందులోనే ఉంది."

ఆమె నన్ను పాత చీరలో చుట్టి బియ్యం డబ్బా వెనక దాచింది. వాయిదా వచ్చినప్పుడల్లా తీసేది, ఎముక మీద వేలు ఆనకుండా పట్టుకునేది, మళ్ళీ చుట్టేది. అలా రెండేళ్ళు. చెయ్యి వంకరగా అతుక్కుని, తాపీ పట్టలేక, సింహాచలం ఇసుక జల్లించే పనికి దిగాడు.

ఒకరోజు సూర్యగ్రహణం పట్టింది. వీధి పిల్లలంతా ఆకాశంలోకి చూస్తున్నారు. వాళ్ళలో పైడితల్లి నాలుగేళ్ళ కూతురు.

"సూడకే! కళ్ళు పోతాయే!"

పైడితల్లి లోపలికి పరిగెత్తి కత్తెర తీసింది. అందరూ నన్ను ఎముక కోసమే ఎత్తి చూశారు కదా, ఆమె కూడా ఎముకనే కాపాడింది. ఖాళీగా ఉన్న నల్లటి అంచు కోసి, కళ్ళకు అడ్డం పెట్టుకోమని పిల్లలకు ముక్కలు పంచింది. ఆ అంచు మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఐదో తరగతిలో బడి మానేసిన ఆమెకు అవి ఆసుపత్రివాళ్ళ రాతలు. నిజానికి అవి సింహాచలం పేరు, ఆ రోజు తేదీ.

కోర్టులో ఎస్సై తరపు వకీలు నన్ను కిటికీవైపు తిప్పాడు. "ఇదెవరి చెయ్యండీ? ఎప్పుడు తీసింది? తోలు తీస్తే నా చెయ్యీ ఇలాగే ఉంటుంది."

ఆసుపత్రికి పరిగెత్తారు. "ఫిల్ము మీకే ఇచ్చాంగా, అప్పటి కాగితాలేవీ మా దగ్గర లేవు" అన్నారక్కడ. వీధిలో ఒక్క ముక్కా దొరకలేదు. దావా కొట్టేశారు.

కోర్టు మెట్ల మీద పైడితల్లి కూలబడింది. "నానే కోసీసినాను మావా."

"పిల్ల కళ్ళు బాగున్నాయి కదే. నెగు, ఇంటికి పోదాం."

వంటగది కిటికీలో అద్దం పగిలిన చోట సింహాచలం ఎడమచేత్తో నన్ను మేకులు కొట్టి బిగించాడు. పొద్దుటి ఎండకు ఆ మణికట్టు గచ్చు మీద పడుతుంది. పైడితల్లి దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడుస్తుంది.