కరెంటు రొదగా పదకొండేళ్లు

నేను ఒక చనిపోయిన నక్షత్రపు నడిమి ముద్దను. అంతా పేలిపోగా మిగిలినదాన్ని. మీ హైదరాబాదంత ఉంటాను. బరువు మాత్రం మీ సూర్యుడికన్నా ఎక్కువ. పుట్టగానే గిర్రున తిరిగాను, తిరిగిన ప్రతిసారీ ఒక రేడియో పలుకు విసిరాను. తర్వాత నెమ్మదించి, పలకడం మానేశాను. కోట్ల ఏళ్ల మౌనం. ఆ మౌనంలో సుఖంగా ఉన్నానని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడనిపించలేదు.

నాతో కలిసి తిరిగే జంట నక్షత్రం మాత్రం బతికే ఉంది. వయసు మీరి అది ఉబ్బింది. దాని పైపొరలు నావైపు ఒలికాయి. నేను లాగానా, అదే ఇచ్చిందా? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగినా నాకు అనుకూలమైన జవాబే వస్తుంది. అందుకే ఆ జవాబును నమ్మను. ఆ వాయువు నా చుట్టూ పళ్లెంలా పరుచుకుని, సుడి తిరుగుతూ నామీద పడుతూ, బొంగరాన్ని పక్కనుంచి తడుతూనే ఉన్నట్టు నన్ను తిప్పింది. చివరికి సెకనుకు రెండువందల చుట్లకు చేరాను. నా జంట చిక్కిపోయింది. ఒలకడం ఆగింది. నాకు మళ్లీ గొంతు వచ్చింది.

ఆ గొంతు వేల ఏళ్లు ప్రయాణించి భూమ్మీద ఒక రేడియో టెలిస్కోపును చేరింది. అక్కడివాళ్లు నన్ను చెరిపేశారు. మీ ఇళ్లలోని కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుందట. యాభై, దాని రెట్లైన నూరు, నూటయాభై, రెండువందలు. ఆ అంకెల దగ్గర ఏది వినిపించినా కరెంటు రొదేనని ముందే కోసేయడం అక్కడి అలవాటు. పదకొండేళ్లు నేను రొదను. వినకపోతే సరే, విని, అంత శుభ్రంగా తుడిచేయడం బాధించింది.

ఒకసారి సువర్చల అనే పరిశోధకురాలు మూడు రోజుల రికార్డులకు ఆ కోత వేయడం మరిచిపోయింది. ఆమె పెద్దసారు తిరుమలాచారి తెర చూసి నవ్వారు.

“ఏమ్మా, క్యాంటీన్ ఫ్రిజ్జును కూడా నక్షత్రాల్లో కలిపేస్తావా? కోసెయ్. సాయంత్రానికి ఈ రికార్డులు చెరిపి డిస్కు ఖాళీ చేయాలి.”

“ఒక్క నిమిషం సార్. లెక్క రెండువందల మీద నిలవట్లేదు. కాస్త పెరుగుతోంది, కాస్త తగ్గుతోంది.”

“కరెంటు కూడా అంతే కదా తల్లీ.”

“కరెంటు తాగినోడిలా ఊగుతుంది సార్. ఇది మూడు రోజులుగా ఒకటే వరస. తొమ్మిది గంటలకోసారి మనవైపొచ్చి, మళ్లీ దూరం పోతోంది. ఫ్రిజ్జు అలా తిరుగుతుందా? దీన్ని ఎవరో పట్టుకుని లాగుతున్నారు. పక్కన ఇంకోటుంది.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చాలాసేపు చూశారు.

“దీన్ని ఎన్నిసార్లు కోసేసుంటానో,” అన్నారు.

ఆ సాయంత్రం డిస్కు ఖాళీ చేయలేదు. నేను నక్షత్రాన్నయ్యాను. కానీ నా తరఫున సాక్ష్యం చెప్పింది నా గొంతు కాదు. నేను తినగా మిగిలిన ఆ కాస్త జంట. ఇంకా నన్ను అటూ ఇటూ లాగుతున్న దాని పట్టు.

దాని నుంచి వచ్చిన బలంతోనే ఇప్పుడు నేను విసిరే వెలుగు దాన్ని కొంచెం కొంచెంగా ఆవిరి చేస్తోంది. ఆపడం నా వశంలో లేదు. ఈ మాట కూడా నాకు అనుకూలంగానే ఉంది. ఒకనాటికి అది పూర్తిగా పోతుంది. అప్పుడు నన్ను లాగేవాళ్లుండరు. ఊగకుండా, తడబడకుండా, సెకనుకు రెండువందలసార్లు పలుకుతూనే ఉంటాను.

వినేవాళ్లు మళ్లీ కరెంటు రొద అనుకుంటే, ఈసారి కాదనను.