గోడ మీద సౌందర్య

మధ్యాహ్నం ఎండలో కౌల్ బజార్ రోడ్డు పక్క గోడ ముందు నిలబడి రేణుక బొమ్మ వేస్తోంది. ఇన్నాళ్లూ ఆమె దుకాణాల బోర్డులూ లారీల నంబర్లూ రాసి బతికింది. ఇప్పుడు మహిళా సంఘం వాళ్లు పిలిచి, రెండేళ్లలో అత్తవారిళ్లలో ప్రాణాలు పోయిన పదకొండు మంది ఆడవాళ్ల బొమ్మలు వేయమన్నారు. ఒక్కొక్కరి కింద పేరు, వయసు, అత్తింటివాళ్లు చెప్పిన కారణం రాయాలి. మెట్ల మీద జారింది. స్టవ్ పేలింది. కడుపునొప్పి తట్టుకోలేకపోయింది.

ఎనిమిది బొమ్మలు ఆమె ఆగకుండా వేసింది. తొమ్మిదోది తన చెల్లెలు సౌందర్య. ఇరవై నాలుగేళ్లు. కడుపునొప్పి.

కళ్లు దిద్దడం పూర్తయ్యేసరికి వెనక కారు ఆగింది. సౌందర్య మొగుడు సుదర్శన్ దిగాడు. యశ్వంతనగర్ గనుల దగ్గర అతని లారీలు తిరుగుతాయి. అతని వెనకే రేణుక తల్లి నాగలక్ష్మమ్మ దిగింది. ఆమె ఊరు కప్పగల్లు నుంచి అతనే ఎక్కించుకొచ్చాడు.

"ఏంది వదినా ఇది? బజార్లో నా మర్యాద తీస్తాండావు," అన్నాడు గొంతు పెంచకుండా. "చెరిపెయ్. పాప నా ఇంట్లో ఉండాది, అది మర్చిపోవద్దు."

సౌందర్య కూతురు బిందుశ్రీకి నాలుగేళ్లు. నెలకొకసారి అమ్మమ్మ దగ్గరికి పంపుతాడు. ఆ ఒక్క రోజు కోసమే నాగలక్ష్మమ్మ పోలీస్ స్టేషన్లో, కడుపునొప్పి అని రాసిన కాగితం మీద వేలిముద్ర వేసింది.

"చెరిపెయ్యమ్మా," అంది తల్లి. "పోయిన బిడ్డ ఎట్లాగూ రాదు. ఉండే బిడ్డనన్నా చూసుకోనీ నన్ను."

రేణుక తల్లికేసి చూసింది. తిట్టాలనిపించింది, తిట్టలేకపోయింది. తెల్లరంగు డబ్బాలో పెద్ద కుంచె ముంచింది. నుదురు పోయింది. కళ్లు పోయాయి. కుంచె గడ్డం దాటి కిందికి దిగుతుంటే నాగలక్ష్మమ్మ గబగబా వచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది.

"మెడ ఉండనీ."

"ఏంటికత్తా? నువ్వే కదా చెరపమంటివి," అన్నాడు సుదర్శన్.

"దానికి ఆఖరి నీళ్లు పోసింది నేనప్పా." ఆమె గోడ మీది మెడకేసి చూసింది. "మెడ చుట్టూ నీ చేతి అచ్చులు నల్లగా ఉండె. ఎవరి కంటా పడకుండా పసుపు పూసినా. మళ్లీ మళ్లీ పూసినా. ఇంగ మూసేది నా చేత కాదు."

రోడ్డు మీద ఆటోవాళ్లు ఇటు తిరిగారు. సుదర్శన్ వాళ్ల వైపు చూసి, కారు తలుపు తీశాడు.

"అయితే పాపను మర్చిపో."

నాగలక్ష్మమ్మ తల దించుకుంది గానీ, రేణుక మణికట్టు వదల్లేదు.

కారు జనంలోంచి మెల్లగా కదిలింది. అప్పుడు నాగలక్ష్మమ్మ దాని వెనక నాలుగడుగులు పరుగెత్తి, బైకుల మధ్య ఆగిపోయింది. మనవరాలికని ఇంట్లోంచి తెచ్చిన బొరుగుల పొట్లం ఆమె చేతిలోనే ఉండిపోయింది.