పదిహేడో పోర్టు

ఉమామహేశ్వరం పొడిగుడ్డతో స్విచ్చు పెట్టెల మీద దుమ్ము తుడుస్తున్నాడు. గోదావరి గాలికి యానాంలో ఇనుప వస్తువేదీ నాలుగేళ్లు నిలవదు. ఇంటర్నెట్ ఆఫీసు వెనకగదిలో ఆ పెట్టెలు రెండు వరుసలు. ఒక్కో పోర్టు నుంచి ఒక్కో ఇంటికి తీగ, పోర్టు కింద అతని గుండ్రటి అక్షరాలతో ఇంటిపేరు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. నిచ్చెన మోసి మోసి ఎడమ భుజం కాస్త దిగిపోయింది.

పెట్టె పది సెకన్లకోసారి అవతలి ఇంటిని పలకరిస్తుంది. మూడుసార్లు బదులు రాకపోతే లింకు పోయిందని ఎర్రదీపం వెలిగించి, ఆ ఇంటికి తనంతట తనే ఫోను చేస్తుంది. ఎన్ని సెకన్లు, ఎన్నిసార్లు అన్నది పెట్టడం ఉమామహేశ్వరం పని.

ఆరేళ్ల క్రితం కనకాలపేటలో వీరవేణి భర్తను పాడె మీదికి ఎత్తుతుండగా ఆ ఫోను మోగింది. చావింట్లో టీవీ, నెట్టు డబ్బా కట్టేస్తారని పెట్టెకు ఏం తెలుసు? "మీ కనెక్షన్ పనిచేయడం లేదు, దయచేసి ఆన్ చేయండి" అని ఆడగొంతు చెబుతుంటే వీరవేణి ఏడుపు మరిచి నిలబడిపోయిందట. అప్పటినుంచి చావు కబురు వినగానే అతను ఆ ఇంటి పోర్టుకు ఈ పలకరింపు, అదే మానిటరింగ్, ఆపేస్తాడు. పదకొండో రోజు తేదీ వేసి పసుపు చీటీ జిగురుతో అంటిస్తాడు. ఆ తేదీన పీకేసి మళ్లీ మొదలుపెడతాడు. ఈ సంగతి ఫోన్లు చూసుకునే జోసెఫిన్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

తుడుస్తున్న చెయ్యి పదిహేడో పోర్టు దగ్గర ఆగింది. పసుపు చీటీ. అక్షరాలు అతనివే. ఇవాళ్టినుంచి లెక్కపెడితే సరిగ్గా పదకొండో రోజు తేదీ.

పదిహేడు అతని సొంత ఇల్లు. స్క్రీన్‌లో మానిటరింగ్ ఆపి ఉంది.

"జోసెఫినూ, ఇది నువ్వంటించావా?"

"నాయి కోడిగీతలు బాబాయ్. అంత గుండ్రంగా రాస్తే ఈపాటికి టీచర్నయ్యేదాన్ని. పరాకున మీరే అంటించుంటారు."

అతను చీటీ పీకి జేబులో వేసుకుని, మానిటరింగ్ పెట్టాడు. ఇంటికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. స్కూటరు తీశాడు.

భార్య రమణమ్మ పెరట్లో రొయ్యలు వలుస్తోంది.

"ఫోనెత్తవేంటి?"

"ఈ చేతుల్తోనా? ఏవండీ, మొహం అలా పాలిపోయిందేంటి? నేను పోయాననుకున్నారా ఏంటి కొంపదీసి?"

 అతను ఆమె మెడ దగ్గర నరం కొట్టుకోవడం చూశాడు.

"ఆ డబ్బా మాత్రం కట్టకు."

"సీరియల్ అయ్యేదాకా ఎందుకు కడతాను? కూచోండి, అన్నం తినెళ్లండి."

తిన్నాడు. ఇంకో ముద్ద వేయించుకుని మరీ తిన్నాడు. మూడింటికి తిరిగొచ్చేసరికి పదిహేడు కింద మరో చీటీ ఉంది. జేబు తడిమితే పొద్దుటిది అక్కడే ఉంది. ఈసారి అతను ఎవర్నీ అడగలేదు. రెండోదీ జేబులో వేసుకుని, స్టూలు లాక్కుని కూర్చుని, మానిటరింగ్ మళ్లీ పెట్టి టైపు చేశాడు. ఒక్క సెకను. ఒక్కసారి. రమణమ్మను ఇంతకన్నా దగ్గరగా కాయడం అతనికి చేతకాదు. పచ్చదీపం వంక చూస్తూ ఉండిపోయాడు.

అయిదింటికి జోసెఫిన్ టీ తెచ్చింది. ఉమామహేశ్వరం తల గోడకు ఆనించి ఉంది. కళ్లు పచ్చదీపం మీదే ఉన్నాయి. రెండుసార్లు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

దీపాలవేళకు ఇంటికి చేర్చారు. ఆఫీసు తాళం వేయబోతూ జోసెఫిన్‌కు గుర్తొచ్చింది. ఇప్పుడక్కడ ఎవరో ఒకరు డబ్బా కట్టేస్తారు. కట్టిన మరుక్షణం రమణమ్మకు ఫోను వెళుతుంది. వెనకగదిలోకి పరుగెత్తింది.

పదిహేడో పోర్టు పచ్చదీపం అప్పటికే ఆరిపోయి ఉంది. ఎర్రదీపం వెలగలేదు. ఫోను వెళ్లలేదు. స్క్రీన్‌లో మానిటరింగ్ ఆపి ఉంది.

పోర్టు కింద పసుపు చీటీ, గుండ్రటి అక్షరాలతో. వేలితో తాకి చూసింది. జిగురు ఇంకా తడిగానే ఉంది.