ఐదు వాట్ల పెట్టె

మోటార్ల మేస్త్రీకి కరెంటంటే భయం లేదు. తీగలో కరెంటు ఉందో లేదో వేలు పెట్టి చెప్పేవాడు. షాకు కొడితే "ఆఁ, వచ్చింది" అని నవ్వేవాడు. ఒకసారి ఆయన్ని కొట్టిన కరెంటే సిగ్గుపడి స్తంభంలోకి వెనక్కి పోయిందనీ, రెండు రోజులు వీధికి రాలేదనీ చెప్పుకుంటారు. అలాంటి మనిషికి కింది వాటాలో ఇంటావిడ దగ్గితే చాలు, పై వాటాలో కాళ్ళూ చేతులూ చల్లబడేవి.

చల్లబడవూ మరి? మూడేళ్ళలో నాలుగిళ్ళు మారాడు. అన్నీ కూతురి పుణ్యమే. మొదటి ఇంట్లో అది కంచాల మీద గరిటెలతో దరువేసింది. రెండో ఇంట్లో కిటికీ చువ్వలకి రబ్బరు బ్యాండ్లు కట్టి మీటింది. మూడో ఇంట్లో ఖాళీ నీళ్ళ డ్రమ్ములో దూరి పాడింది. నాలుగో ఇంట్లో ఏం చేసిందో మేస్త్రీ ఇప్పటికీ చెప్పడు కానీ, ఆ ఇంటివాళ్ళు ఒక గోడ మళ్ళీ కట్టించుకున్నారు. ఈ సంగతి పేటంతా పాకింది. ఇది ఐదో ఇల్లు. ఇది కూడా పోతే ఆ పేటలో వాళ్ళకి పిచ్చుక కూడా గూట్లో చోటివ్వదు. షాపేమో ఈ వీధిలోనే, పిల్ల బడేమో పక్క వీధిలోనే.

ఇంటావిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఒంటి మనిషి. మోకాళ్ళు అరిగాయి కానీ చెవులు అరగలేదు. చీమ గుటకేస్తే ఏ గదిలో వేసిందో చెప్పగలదు. తాళంచెవి చేతికిచ్చిన రోజునే చెప్పేసింది.

"చూడు మేస్త్రీ. అద్దె రెండ్రోజులు ఆలస్యమైనా ఓర్చుకుంటాను. చప్పుడు మాత్రం ఓర్చుకోను. ఒక్కసారి నా నెత్తిమీద స్లాబు అదిరిందా, నెలాఖరుకి ఇల్లు ఖాళీ."

"అదరదమ్మగారూ. మేం అసలు నేలమీద నడవం," అన్నాడు మేస్త్రీ.

అన్నట్టే ఆర్నెల్లు బతికారు. భార్య గిన్నెల కింద గుడ్డ వేసి తోమేది. మేస్త్రీ తుమ్మొస్తే మెట్లు దిగి, వీధి చివరికెళ్ళి తుమ్మి వచ్చేవాడు.

ఇంతలో పిల్ల మేనమామ ఊడిపడ్డాడు, పుట్టినరోజని ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని. దాన్ని చూసి మేస్త్రీ గుండె జారింది. తీరా మీటి చూస్తే దోమ దగ్గినంత చప్పుడు. "ఆహా, బావమరిదంటే వీడే!" అని మురిసిపోయాడు. ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. బడిలో గిటారు నేర్పే మాస్టారు చీటీ రాసి పంపాడు: "యాంప్ లేకుండా ఎలక్ట్రిక్ గిటారు సాధన చెయ్యడం అద్దం లేకుండా గడ్డం గీసుకున్నట్టే. తప్పులు వినపడవు. మూడు వారాల్లో బడి బ్యాండుకి ఎంపిక ఉంది. ఇంట్లోకి చిన్న యాంప్ కొనండి."

మేస్త్రీ ఆ చీటీ నాలుగుసార్లు చదివాడు. యాంప్ అంటే చప్పుడు పెంచే పెట్టె. డబ్బిచ్చి మరీ చప్పుడు కొనాలన్నమాట!

పిల్ల మొహం చూశాడు. పదమూడేళ్ళది, ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కాదనేవాడే. అడగలేదు కాబట్టి మర్నాడు పొద్దున్నే దుకాణానికి బయల్దేరదీశాడు.

దుకాణంలో గోడ పొడుగునా నల్లటి పెట్టెలు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. మేస్త్రీకి అన్నీ ఇంటావిడల్లాగే కనిపించాయి. దుకాణదారు జుట్టు వెనక్కి ముడేసుకున్న కుర్రాడు. వస్తూనే ఒక గిటారుకి యాంప్ తీగ తగిలించబోయాడు.

"రా పాపా, వాయించి చూడు. ఏది నచ్చితే..."

"వద్దు!" అని మేస్త్రీ అరిచిన అరుపుకి దుకాణంలో నాలుగు గిటార్లు వాటంతటవే మోగాయి. "ఇక్కడ వాయించొద్దు బాబూ. ఎవరైనా వింటారు."

"ఇది మ్యూజిక్ షాపు సార్. వినడానికే వస్తారు."

"నేను మోటార్లు కొన్నప్పుడు నడిపి చూస్తానా? వెనకాల రేకు చదువుతాను. అన్నీ దాని మీదే ఉంటాయి." జేబులోంచి చిన్న టార్చి తీసి, పెట్టెల వెనక్కి దూరాడు. "ఇరవై వాట్లు. అమ్మో! ఇది ముప్ఫై. దీన్ని ఇంట్లో పెడితే మేం వీధిలో ఉండాలి. ఇది పది... ఆఁ, ఇదిగో! ఐదు వాట్లు. ఇదీ పెట్టంటే! ఇది కట్టు."

కుర్రాడు తల గోక్కున్నాడు. "సార్, అది వాల్వుల యాంప్. పాత రేడియోల్లో ఉండేవే, గాజు వాల్వులు. దాని ఐదు వాట్లు మీరనుకునే..."

"వాట్ల గురించి నాకా చెప్తున్నావు? ముప్ఫై ఏళ్ళుగా వాట్లు తిని బతుకుతున్నాను నాయనా. మా మెట్ల దగ్గర రాత్రంతా వెలిగే బల్బు ఐదు వాట్లు. దాని వెలుగులో నా చెప్పులు నాకే కనపడవు. ఇదింకేం అరుస్తుంది?"

"పోనీ ఆ ఇరవై వాట్లది చూడండి, హెడ్‌ఫోన్లు..."

"ఐదు!"

పిల్ల నోరు తెరిచి, మళ్ళీ మూసింది.

"ఏమ్మా, భయంగా ఉందా?"

"లేదు నాన్నా," అంది బూట్ల వంక చూస్తూ.

సాయంత్రం నాలుగింటికి ముందుగదిలో పెట్టెని నడిమధ్య పెట్టారు. మేస్త్రీ ప్లగ్గు పెట్టి, వెనకనున్న స్విచ్చి వేశాడు. లోపల రెండు గాజు బుడ్లు మెల్లగా ఎర్రబడ్డాయి. పిల్ల గిటారు తగిలించింది. ముందువైపు చప్పుడు పెంచే గుండీ చుట్టూ ఒకటి నుంచి పది దాకా అంకెలున్నాయి.

"ఒకటి మీద పెడదాం నాన్నా."

"ఐదు వాట్లే కదే పిచ్చిదానా! పది మీద పెట్టినా కింద ఆవిడకి దోమ వాలినట్టు ఉంటుంది." ఆర్నెల్లుగా భయపడి భయపడి విసిగిపోయాడేమో, ఆ రేకు మీది అంకె చూసుకుని ధైర్యంగా గుండీని చివరికంటా తిప్పాడు. "ఊఁ, కానీ!"

పిల్ల ఒక్కసారి మీటింది.

అది చప్పుడు కాదు. ఇంటి నాలుగు గోడలూ ఒకేసారి తుమ్మినట్టయింది. వంటింట్లో కంచాలు వరసగా దిగి నిలబడ్డాయి. గోడ మీది బల్లి రెండు మూరలు ఎగిరి, తోక గోడకే వదిలేసి కిటికీలోంచి దూకింది. క్యాలెండరు రెండు నెలలు ముందుకి తిరిగింది. ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు అటు తిరిగి ఆరడం మొదలుపెట్టాయి. మేస్త్రీ జుట్టు అప్పుడు లేచిందే, మర్నాటి దాకా పడుకోలేదు.

పిల్ల రెండు చేతులతో తీగల్ని అదిమి పట్టుకుంది.

కింద కుర్చీ జరిగింది.

"అయిపోయింది," అన్నాడు మేస్త్రీ.

"నాన్నా... వాల్వు ఐదు వాట్లంటే వీధంతా వినపడుతుందని మాస్టారు చెప్పారు," అంది పిల్ల ఏడుపు గొంతుతో. "నాకు ఇదే కావాలని ఉండి... చెప్పలేదు."

మేస్త్రీకి కోప్పడే తీరిక కూడా లేదు. మెట్ల మీద కర్ర చప్పుడు. టక్. అడుగు. టక్. అడుగు. రెండేళ్ళుగా మెట్టెక్కని మనిషి ఎక్కుతోంది. పద్దెనిమిది మెట్లు. ఒక్కో మెట్టుకీ మేస్త్రీ ఒక్కో సామాను సర్దేసుకున్నాడు మనసులో. మంచం, బీరువా, పొయ్యి, పిల్ల పుస్తకాలు. పదకొండో మెట్టుకి ఇల్లంతా బండెక్కింది. బండి ఎటు పోవాలో మాత్రం తెలియలేదు.

"ఏమండీ, ఆపండి దాన్ని!" అంది భార్య.

స్విచ్చి వెనకాలుందన్న సంగతే మర్చిపోయి మేస్త్రీ ముందంతా తడిమాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవం! భార్య చేతికందిన దుప్పటి తీసి పెట్టె మీద కప్పేసింది. తలుపు తెరుచుకుంది.

ఇంటావిడ ఆయాసపడుతూ లోపలికొచ్చింది. చుట్టూ చూసింది. దుప్పటి కప్పిన పీటలాంటిది కనపడింది. దాని మీద కూర్చుంది.

కిందున్నది ఆన్‌లోనే ఉంది, పది మీద ఉంది. పిల్ల గిటారు మెడ పట్టుకుని తీగలు అదిమి కూర్చుంది. చెయ్యి తీసిందా, పెట్టె ఊళ పెడుతుంది. స్విచ్చి ఆవిడ వెనకాల.

"నీళ్ళు," అంది ఇంటావిడ. భార్య తెచ్చిచ్చింది. గ్లాసు గడగడలాడి సగం నీళ్ళు దారిలోనే అయిపోయాయి. "ఏమ్మా, చలా?"

"అవునండీ. కాదండీ."

"మేస్త్రీ, విన్నావా ఆ చప్పుడు?"

"ఏ... ఏ చప్పుడమ్మగారూ?"

"నీకు చెవుడు గానీ వచ్చిందా? మేడ మీద నా నీళ్ళ మోటారు పేలిపోయింది! అంత చప్పుడు ఇంకేం చేస్తుంది? ముసలి మోటారు పాపం, గుండె ఆగినట్టుంది. నువ్వున్నావు కదా అని ఎక్కొచ్చాను. కాలిపోయిందంటే విప్పి పట్టుకుపో, కాయిలు చుట్టించు."

మేస్త్రీకి చెవుల్లో గంటలు మోగాయి. భార్య వెనక నుంచి కళ్ళతో 'అవుననండీ, అవుననండీ' అంటోంది. ఒక్క మాట. 'కాలిపోయిందమ్మగారూ' అంటే చాలు, ఇల్లు నిలుస్తుంది. నోరు తెరిచాడు.

"మోటారు..." అన్నాడు.

మాట ముందుకి పోలేదు. పొద్దున్నే పైకెళ్ళి చూశాడు ఆ మోటారుని. నూనె వేశాడు. పసిపిల్లలా తిరుగుతోంది. జీవితంలో ఎన్నో అబద్ధాలాడాడు; షాపుకి ఆలస్యమైతే లేని మేనత్తని మూడుసార్లు ఆస్పత్రిలో చేర్పించాడు. కానీ తిరిగే మోటారుని కాలిందని ఎన్నడూ అనలేదు. నాలుక తిప్పబోతే అది చెక్కలా అడ్డం తిరిగింది.

"అబ్బ, ఈ పీట వెచ్చగా ఉందే!" అంది ఇంటావిడ నడుం సర్దుకుంటూ. "ఎక్కడ కొన్నావు?"

మేస్త్రీ ముక్కుకి వేడెక్కిన గుడ్డ వాసన తగిలింది. ఆయన ముక్కు అబద్ధం చెప్పదు. ఇంకాసేపైతే దుప్పటి కమురుతుంది. ఇల్లు పోతుందన్న భయం ఒక పక్క, ఆవిడ అంటుకుంటుందన్న భయం ఇంకో పక్క. పిల్ల వేళ్ళు తెల్లబడి వణుకుతున్నాయి.

"అమ్మగారూ, లేవండి!" అన్నాడు ఉన్నట్టుండి. "మోటారు బంగారంలా ఉంది. దానికేం కాలేదు. మోగింది... మీరు కూర్చున్నదే."

ఆవిడ దిగ్గున లేచింది. ఆ కంగారుకి పిల్ల చెయ్యి జారింది. పెట్టె "ఊఁ" అని సన్నగా మొదలెట్టి, తోడేలుకి పన్ను పీకినట్టు ఊళ పెట్టింది. ఇంటావిడ మేస్త్రీ భుజం పట్టుకుంది, మేస్త్రీ ఇంటావిడ కర్ర పట్టుకున్నాడు. భార్య ప్లగ్గే ఊడబీకింది.

మేస్త్రీ తల దించుకుని నిలబడ్డాడు, బెత్తం దెబ్బకి చెయ్యి చాచినవాడిలా.

"నెలాఖరు కదమ్మగారూ," అన్నాడు చివరికి. "ఖాళీ చేసేస్తాం."

ఇంటావిడ దుప్పటి తీసి పెట్టెని చూసింది. పిల్లని చూసింది. మేస్త్రీని అద్దాల పైనుంచి చూసింది.

"ఈ మోటారు చూడ్డానికి నీకంటే ముందు ముగ్గురొచ్చారు. చెయ్యైనా పెట్టకుండా ముగ్గురూ కాలిపోయిందన్నారు. నేనే కాలిపోయిందని చెప్పినా కాలేదన్నది నువ్వొక్కడివే. అదీ కొంప మీదికొచ్చిన వేళ." కర్ర తన చేతిలోకి లాక్కుంది. "ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. ఈ పెట్టె ఖాళీ చెయ్యాలి. రేపు దుకాణానికి నేనూ వస్తా. నీ రేకు చదువులు నాకొద్దు, నా చెవులతో నేనే చూసుకుంటా. ఆ తరవాత కూడా స్లాబు అదిరిందా..."

"అర్థమైందమ్మగారూ."

మర్నాడు దుకాణంలో ఆవిడ గోడ వైపు తిరిగి కుర్చీలో కూర్చుంది. జుట్టు ముడి కుర్రాడికి ఎందుకో బడి రోజులు గుర్తొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కో పెట్టె మీదా పిల్ల వాయించింది. "వద్దు." "వద్దు." "ఇది రంపం." చివరికి కుర్రాడు నిన్న చెప్పబోయిన ఇరవై వాట్ల పెట్టె తెచ్చి, హెడ్‌ఫోన్లు తగిలించి పిల్ల చెవులకి పెట్టాడు. పిల్ల వేళ్ళు ఆడుతున్నాయి, కళ్ళు మూసుకుపోతున్నాయి, బయటికి దోమ దగ్గినంత చప్పుడే వస్తోంది.

"ఎప్పుడు మొదలెడుతుంది?" అంది ఇంటావిడ.

"సగం పాట అయిపోయిందండీ," అన్నాడు కుర్రాడు.

"ఇది కట్టు."

ఆ సాయంత్రం పిల్ల చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటన్నర వాయించింది. తప్పులన్నీ దానికే వినపడుతున్నాయి కాబోలు, మాటిమాటికీ మొహం చిట్లించి మళ్ళీ మొదటికొస్తోంది. మేస్త్రీకి మాత్రం కుదురు లేదు. ఇరవై వాట్లు! నేలకి చెవి పెట్టి చూశాడు, గోడకి చెవి పెట్టి చూశాడు. చివరికి ఉండబట్టలేక మునివేళ్ళ మీద పద్దెనిమిది మెట్లూ దిగి, కింది వాటా తలుపు గోరుతో తట్టాడు.

"అమ్మగారూ... ఏమైనా వినపడుతోందాండీ?"

లోపల్నుంచి విసుగ్గా జవాబొచ్చింది.

"ఆఁ. ఇందాకట్నుంచీ నీ గుండె వినపడుతోంది. పైకెళ్ళి ఇంత తిని పడుకో."