ఆముదం తాగిన చైను

నూలు కంట్రోలు చీటీ మీద దొరికే కాలం అది. ఆత్మకూరులో నూలు పంచిన రోజున మా బాపుకు జ్వరం వచ్చింది. మా వాటా వేరేవాళ్లకు పోయింది, మగ్గం నెలంతా ఖాళీగా ఉంది. రెండోసారి కూడా రాకపోతే చీటీల పుస్తకంలోంచి పేరు కొట్టేస్తామని కబురు పంపారు. ఆ రెండోసారి పంపకం కబురొచ్చిన మర్నాడే.

ఆరు కోసుల దారి, అంటే పన్నెండు మైళ్లు. కోసు నడిస్తే బాపు మోకాలు వాచిపోతుంది. సైకిలు తొక్కితే మాత్రం నొప్పి ఉండదు. ఆ సైకిలు మా బడి పంతులు ఇస్రాయేలు గారిది. ఆయన హాలియా వైపు బదిలీ అయినప్పుడు రెండు చీరలు తీసుకుని ఇచ్చి వెళ్లాడు.

కబురొచ్చిన పొద్దున బాపు దాన్ని ఒకసారి తొక్కి చూద్దామని ఎక్కాడు. పెడళ్లు గిర్రున తిరిగాయి, సైకిలు మాత్రం కదల్లేదు. పక్కింటి బీరన్న గొర్లు తోలుకుపోతూ ఆగి చూశాడు.

"సీతారాములన్నా, సైకిల్ తొక్కుతున్నవా, రాట్నం తిప్పుతున్నవా?"

బాపు అమ్మను ఆముదం తెమ్మన్నాడు. మా దిక్కున ఆముదానికి కొదవలేదు. తలకు అదే, చెప్పులకు అదే, బండి ఇరుసుకు అదే. బాపు రెండేళ్లుగా వారం వారం చైనుకూ అదే పోస్తున్నాడు. సైకిలు ఉండేది మగ్గం పక్కన. నూలు పీచంతా ఆ జిడ్డుకు అంటుకుని చైను నల్లటి జడలా తయారైంది. ఇస్రాయేలు పంతులు బడి అరుగు మీద సైకిలును తలకిందులుగా పెట్టి కిరసనాయిలుతో కడగడం నేను చాలాసార్లు చూశాను. ఆయన ఒక్కసారి కూడా ఆముదం ముట్టలేదు.

"బాపూ, ఆముదం పోయకు. గదే పట్టుకున్నది," అన్నాను.

"బండికి పోస్తలేరా?"

"సైకిల్ ఎనక చక్రాన్ని పట్టే చిన్న ఇనుప నాలుకలు బండి ఇరుసుల ఉండయి గద. జిడ్డుకు అవి లేస్తలేవు."

బాపు గిన్నె పక్కన పెట్టాడు. నేను కిరసనాయిలు అడిగాను. ఇంట్లో ఉన్నది అర సీసా. నెలంతా దీపానికి అదే. అమ్మ సీసా తెచ్చి నా పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

చైను విప్పి మూకుడులో నానబెట్టాను. వేపపుల్ల కొస నమిలి కుంచెలా చేసుకుని ఒక్కో లింకూ తోమాను. నల్లటి ముద్దలోంచి ఎర్రదారం, పసుపుదారం ముక్కలు వచ్చాయి. తర్వాత వెనక చక్రాన్ని పడుకోబెట్టి ఆ నాలుకలుండే ఫ్రీవీల్ సందులోకి చుక్కచుక్కగా కిరసనాయిలు వదులుతూ వెనక్కి తిప్పాను. మొదట నల్లగా కారింది, తర్వాత గోధుమరంగు. నాలుకలు లేచే చప్పుడు మాత్రం లేదు. మూడోసారికి సీసాలో రెండు వేళ్ల మందం మిగిలింది. బాపు నా వైపు చూడకుండా సీసా వైపే చూస్తున్నాడు. నాలుగోసారి లోపల ఒక టిక్కుమన్న చప్పుడు, ఆగి మరొకటి, ఆ తర్వాత వరసగా వచ్చాయి. బాపు చేయి పెట్టి ముందుకు తిప్పాడు. చక్రం పట్టుకుంది.

దర్జీ ఇంటికి పోయి కుట్టుమిషను నూనె కొంచెం అడిగి తెచ్చాను. లింకుకో చుక్క వేసి, పైనంతా గుడ్డతో తుడిచాను. బాపుకు అది నచ్చలేదు.

"పోసుడెందుకు, మల్ల తుడుసుడెందుకు?"

"లోపట ఉంటే చాలు బాపూ. పైన ఉంటే దుమ్మును పిలుస్తది."

మర్నాడు బాపు తొలికోడి కూతకు బయల్దేరి, మధ్యాహ్నం దాటాక వచ్చాడు. వెనక రెండు నూలు కట్టలు ఉన్నాయి. అమ్మ ఒక కట్ట విప్పి దారం వేళ్ల మధ్య నలిపి చూసింది. ముతక నూలు. మేం నేసే చీరకు పనికిరాదు.

"అందరికీ ఇదే ఇచ్చిండ్రు," అన్నాడు బాపు చెంబెడు నీళ్లు తాగి. "పుస్తకంల పేరైతే ఉన్నది. ఈ నెల తువ్వాళ్లు నేద్దాం."

అమ్మ మగ్గం మీది చీర పన్నెను, పోగులు దూర్చే ఆ సన్న పళ్ల దువ్వెనను, విప్పడం మొదలుపెట్టింది. నేను చేతులకున్న నలుపు బూడిదతో రుద్ది కడుక్కుని, ముతక నూలు కండెలకు చుట్టడానికి కూర్చున్నాను.