కదలని మూర్ఛ

నేను కొత్తకోడలిగా పాతపట్నం దగ్గరి ఆ ఊరికి వెళ్లింది 1968లో. అప్పటికి మా అత్త తవిటమ్మ కాళ్లకు పసుపు ఆరేది కాదు. నెలకు రెండు మూడుసార్లు ఆమె ఉన్నట్టుండి కొయ్యబారిపోయేది. కళ్లు తెరిచే ఉండేవి. పెదవులు చప్పరిస్తూ, చీరకొంగు వేళ్లతో పీకుతూ ఉండేది. పిలిస్తే పలికేది కాదు. అమ్మవారు పూనిందని ఆడవాళ్లు కాళ్లకు పసుపు రాసి, తప్పిపోయిన దూడ దొరుకుతుందా, పిల్లకు జ్వరం తగ్గుతుందా అని అడిగేవారు. ఆ పెదవుల కదలికలోంచి జవాబు వాళ్లే ఏరుకునేవారు. కాసేపటికి అత్త మామూలు మనిషయ్యేది. ఏమీ గుర్తుండేది కాదు.

ఆ మాఘంలో ఒకరోజు వేరుశనక్కాయలు వలుస్తుండగా అలాగే అయింది. పొద్దున్న మొదలైంది మధ్యాహ్నమైనా వదల్లేదు. నాకు భయమేసింది.

"మావా, ఆస్పత్రికి తీసుకెల్దుమా?" అన్నాను.

"అమ్మోరిని ఆస్పత్రికి తీసుకెల్తారేటే?" అంది పక్కింటి జగ్గమ్మ.

మా మావ సోములు బండి కట్టాడు.

పాతపట్నంలో డాక్టర్ భావనారాయణ గారు అత్త కళ్లలోకి టార్చి వేసి చూశారు. "ఇది మూర్ఛ" అన్నారు.

"కొట్టుకోనేదు కద బాబూ! మూర్సెలాగవుతాది?" అన్నాడు మావ.

"ఆగకుండా సాగే మూర్ఛ ఒక్క రకం కాదయ్యా. ఒళ్లంతా కొట్టుకునేది ఒకటి, అన్నిటికన్నా ప్రమాదం. తెలివి ఉండగానే ఒక చెయ్యో, మూతో గంటల తరబడి అదిరేది ఇంకొకటి. ఇది మూడోది. ఒళ్లు కొట్టుకోదు, మెదడులో మాత్రం ఆగదు."

నరానికి నెమ్మదిగా మందెక్కించారు. కొంతసేపటికి అత్త నన్ను గుర్తుపట్టింది. "కాయలొలిసేసారేటే?" అంది. నేను ఏడ్చేశాను.

తిరుగుదారిలో డాక్టరు గారు చెప్పిందంతా అత్తకు చెప్పాను.

"అయితే ఆలడిగినదానికి నానేటీ సెప్పనేదా?"

"ఏటీ సెప్పనేదత్తా. ఆలే అనుకున్నారు."

"కూర్మమ్మ కొడుకు బతుకుతాడని నానే సెప్పేనన్నారే. ఆడు పోయినకాడినుంచీ దాని మొకం సూడనేకపోయేను."

మర్నాడు తెల్లారగానే కూర్మమ్మ ఇంటికి వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఎండెక్కాక వచ్చి, డాక్టరు గారిచ్చిన మాత్ర అడిగి వేసుకుంది. పసుపుతో వచ్చేవాళ్లు తగ్గిపోయారు. జగ్గమ్మ మాత్రం చాన్నాళ్లు ముఖం తిప్పుకునే తిరిగింది.

ఆ వానాకాలం ఊడ్పుల్లో అత్త, కూర్మమ్మ పక్కపక్కనే వంగారు. అత్త పాటెత్తితే కూర్మమ్మ అందుకునేది. అత్త గొంతెత్తి పాడగా నేను వినడం అదే మొదటిసారి. నారు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఏటే అలా సూస్తన్నావు? సేతులాడించు!" అని కసిరింది అత్త, నవ్వుతూ.